గ్యాస్ ఎక్కించినా చల్లబడని కోల్డ్ రూమ్: విజయవాడలో ఒక క్యాటరింగ్ కిచెన్ కేస్ స్టడీ

విజయవాడ శివార్లలో ఒక క్యాటరింగ్ కిచెన్. పెళ్ళిళ్ళకి, ఆఫీసు ఫంక్షన్లకి వండి పంపుతారు. రెండు వాక్-ఇన్ కోల్డ్ రూములున్నాయి, ఒకటి ప్లస్ 3 డిగ్రీల చిల్లర్, ఇంకోటి మైనస్ 18 ఫ్రీజర్. మే నెలలో ఫోనొచ్చింది: చిల్లర్ 9 డిగ్రీల కిందికి దిగట్లేదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంది, కరెంటు బిల్లు చూస్తే భయమేస్తోంది, ఇప్పటికే రెండుసార్లు గ్యాస్ ఎక్కించాం, ఎక్కించిన రోజు బాగానే ఉంటుంది, మూడో రోజుకి మళ్ళీ మామూలే. ఓనరు గారు అప్పటికే ఒక నిర్ణయానికొచ్చేశారు. "కంప్రెసర్ పోయినట్టుందండీ, కొత్తది ఎంతవుతుందో చెప్పండి చాలు" అన్నారు.

కంప్రెసర్ పోలేదు. గ్యాస్ లీకేజీ కూడా లేదు. మన దగ్గర కోల్డ్ రూమ్ చల్లగా లేదంటే ముందు వినిపించే మాట "గ్యాస్ తక్కువైంది" కాబట్టి, ఆ మాట మీద ఎంత డబ్బు వృథా అవుతోందో చూసీ చూసీ విసుగొచ్చి ఈ కేసు మొత్తం రాస్తున్నాను. గదిలోకి వేడి ఎటునుంచి వస్తోందో చూడకుండా గ్యాస్ ప్రెషర్ గేజులు తగిలించడం నాకు నచ్చదు.

ముందు గది సంగతి. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 8. గోడలు, పైకప్పు, నేల అన్నీ 80 మి.మీ. పఫ్ ప్యానెల్ (మధ్యలో నురగ ఇన్సులేషన్ ఉన్న పలక). గ్యాస్ ఆర్-404ఎ. లోపల రెండు ఫ్యాన్ల ఇండోర్ యూనిట్, వంటగది వెనక స్లాబు మీద అవుట్‌డోర్. కూలింగ్ కెపాసిటీ సుమారు 4 కిలోవాట్లు. బయట 38, లోపల 3 అనుకుని లెక్కేస్తే ఆ ప్యానెళ్ళ గుండా లోపలికొచ్చే వేడి అర కిలోవాటు కంటే కాస్త ఎక్కువ, అంతే. రోజంతా కలిపినా 13 కిలోవాట్ అవర్లు. 4 కిలోవాట్ల మిషన్ రోజుకి 16 గంటలు తిరిగితే 64 కిలోవాట్ అవర్ల వేడిని బయట పారేయగలదు. అంటే గోడల వాటా ఐదో వంతు. ప్యానెల్ మందం పెంచాలా అని చాలామంది అడుగుతుంటారు గానీ, చిల్లర్‌కి 80 మి.మీ. చాలు, కొంప ముంచేది మిగతా నాలుగు వంతుల్లో ఉంటుంది.

వెళ్ళిన రోజు సాయంత్రం, పని జోరుగా ఉన్న టైములో, టూల్ బ్యాగు పక్కన పెట్టి తలుపు దగ్గర ఒక గంట ఊరికే నిలబడ్డాను. తలుపు కింద చెక్కముక్క పెట్టి తెరిచే ఉంచారు, ఎందుకంటే కుర్రాళ్ళు రెండు చేతులా గిన్నెలు మోస్తుంటారు. పీవీసీ స్ట్రిప్ కర్టెన్‌ని తాడుతో పైకి కట్టేశారు, ముఖానికి జిడ్డుగా తగులుతోందట, అదీ నిజమే, కడిగిన దాఖలా లేదు. పొగలు కక్కుతున్న గ్రేవీ డేగిసాలు ఒకదాని తర్వాత ఒకటి లోపలికెళ్తున్నాయి. కంట్రోలర్ మీద 9 చూపిస్తోంది. నేను అరల మధ్యలో పెట్టిన నీళ్ళ సీసాలో థర్మామీటరు మాత్రం 12 చూపించింది. కంట్రోలర్ సెన్సరు ఇండోర్ వెనక గాలి ఉష్ణోగ్రత చెప్తుంది, సరుకు ఉష్ణోగ్రత కాదు. సరుకు ఎంత చల్లగా ఉందో తెలియాలంటే సీసాలో నీళ్ళు పోసి అందులో ప్రోబ్ పెట్టి గది మధ్యలో ఉంచాలి, దీనికి అయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు.

తర్వాత టార్చి వేసి ఇండోర్ కాయిల్ చూశాను. ముందు నుంచి ఫ్యాన్లు తిరుగుతూ బాగానే కనిపిస్తాయి, వెనక వైపు, గాలి లోపలికి పీల్చుకునే వైపు చూడాలి. రెక్కలు కనపడనంతగా మంచు గడ్డ కట్టింది.

ఇప్పుడు గేజులు. సక్షన్, అంటే కంప్రెసర్ గ్యాస్‌ని పీల్చుకునే వైపు ప్రెషర్, 30 పీఎస్‌ఐ. మామూలుగా ఇలాంటి చిల్లర్ 3, 4 డిగ్రీల దగ్గర తిరుగుతున్నప్పుడు 50 అటూ ఇటూ ఉండాలి. 30 చూడగానే "గ్యాస్ లేదు" అనిపించడం సహజం, ముందు వచ్చిన మెకానిక్ అక్కడే ఆగిపోయాడు. కానీ ఆర్-404ఎ కి 30 అంటే మైనస్ 19 దగ్గర మరుగుతోందని అర్థం, సక్షన్ పైపు మీద ప్రోబ్ కట్టి చూస్తే మైనస్ 15 ఉంది. ఈ రెండిటి తేడానే సూపర్‌హీట్ అంటారు, ఇక్కడ 4 డిగ్రీలే. గ్యాస్ నిజంగా తక్కువైతే కాయిల్ సగంలోనే ద్రవం అయిపోయి సూపర్‌హీట్ 12, 15, ఇంకా పైకి పోతుంది, సైట్ గ్లాసులో (ద్రవం పారే పైపుకుండే చిన్న అద్దం) బుడగలు కనిపిస్తాయి, మంచు కూడా కాయిల్ మొదట్లో మాత్రమే పడుతుంది. ఇక్కడ సైట్ గ్లాసు తేటగా ఉంది, మంచు కాయిల్ అంతా సమానంగా ఉంది. కాయిల్‌కి గాలి ఆడక వేడి అందట్లేదు, అందుకే ప్రెషర్ పడిపోయింది. గ్యాస్ ఎక్కించిన రోజు ఎందుకు బాగుందంటారా? పని చేసేటప్పుడు మిషన్ ఆపి, తలుపు తెరిచి, రెండు మూడు గంటలు వదిలేశారు కదా, ఆ టైములో మంచు కరిగింది. పేరు గ్యాస్‌కి వచ్చింది.

సరుకంతా ఐసు పెట్టెల్లోకి, ఫ్రీజర్ ముందు గదిలోకి మార్పించి, మామూలు నీళ్ళతో మెల్లగా మంచు కరిగించాం. స్క్రూడ్రైవర్‌తో మంచు పొడిచేవాళ్ళని చూశాను, దయచేసి అది మాత్రం చేయకండి, ఒక్క పైపుకి చిల్లు పడితే కథ మొత్తం మారిపోతుంది. కాయిల్ ఖాళీ అయ్యాక మిషన్ వేస్తే సక్షన్ 60 దాటింది, హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ గ్యాస్‌ని బయటికి తోసే వైపు) మాత్రం 395కి ఎక్కింది. అంటే కండెన్సర్‌లో, అవుట్‌డోర్‌లో వేడిని బయటికి వదిలే కాయిల్‌లో, 59 డిగ్రీలు. ప్రెషర్ హద్దు దాటితే కంప్రెసర్‌ని ఆపే స్విచ్ ఒకటుంటుంది, హెచ్‌పీ కటౌట్ అంటారు, ఇక్కడ అది 400కి కొట్టాలి. పదేపదే కొడుతోందని ఎవరో దాని వైర్లు రెండూ కలిపేశారు! హెచ్‌పీ కటౌట్‌ని షార్ట్ చేయడమంటే కంప్రెసర్‌కి ఉన్న ముఖ్యమైన రక్షణని తీసేయడం, పైపో జాయింటో పగిలితే పక్కన మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందు అది సరిచేశాకే మిగతా పని.

హెడ్ అంత ఎక్కడానికి రెండు కారణాలు. ఒకటి, అక్కర్లేని గ్యాస్. సబ్‌కూలింగ్ (కండెన్సర్‌లో ద్రవమయ్యాక గ్యాస్ ఇంకా ఎంత చల్లబడిందో చెప్పేది) 14 డిగ్రీలు ఉంది, 5, 6 ఉంటే సరిపోయేది. గ్యాస్ మొత్తం రికవరీ సిలిండర్‌లోకి తీసి, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చి, వాక్యూమ్ లాగి, తూకం వేసి మళ్ళీ ఎక్కించాం, కిలో పైనే మిగిలింది. ఆర్-404ఎ ని గాలిలోకి వదిలేసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. దాని గ్లోబల్ వార్మింగ్ పొటెన్షియల్ 3922, అంటే కిలో వదిలితే దాదాపు 4 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. అదలా ఉంచినా, డబ్బు పెట్టి కొన్న గ్యాసే కదా.

రెండో కారణం అవుట్‌డోర్ ఉన్న చోటు. ఆ మధ్యాహ్నం నీడలో 41 డిగ్రీలు. కండెన్సర్ లోపలికి పీల్చుకుంటున్న గాలి 47. వంటగది ఎగ్జాస్ట్ డక్టు మూతి సరిగ్గా దానివైపే ఉంది, వేడికి తోడు తాళింపు జిడ్డు కూడా, రెక్కల మధ్య దుమ్ము, నూనె కలిసి పీచులాగా పట్టింది. కండెన్సింగ్ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే కరెంటు 2, 3 శాతం పెరుగుతుంది, ఇక్కడ 6 డిగ్రీలు ఊరికే పెంచుకుని కూర్చున్నారు. మిషన్ కదపాల్సిన పనిలేదు, డక్టుకి ఒక బెండు వేసి మూతి పైకి, అవతలి వైపుకి తిప్పించాం. కాయిల్‌ని జిడ్డు పోయే క్లీనర్‌తో, లోపలి నుంచి బయటికి నీళ్ళు కొట్టి కడిగాం. యాసిడ్ వాడితే అల్యూమినియం రెక్కలు తినేస్తుంది, హై ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు పడుకుంటాయి. మర్నాడు అదే ఎండలో హెడ్ 340 దగ్గర నిలిచింది.

ఇంతవరకు మిషన్ సంగతి. ఇది సరిచేసి వదిలేస్తే వారంలో కాయిల్ మళ్ళీ గడ్డ కట్టేది, ఎందుకంటే అసలు గొడవ ఆ డేగిసాల దగ్గర ఉంది.

లెక్క చూడండి. పెద్ద ఫంక్షన్ ముందు రోజు సాయంత్రం లోపల పెట్టే గ్రేవీ, పప్పు, ఉడికించిన దుంపలు కలిపి 200 కిలోలు అనుకుందాం, 70 డిగ్రీల వేడి మీద. దాన్ని 5కి దించాలంటే తీయాల్సిన వేడి సుమారు 13 కిలోవాట్ అవర్లు. గోడలనుంచి రోజంతా వచ్చే వేడి ఎంతో, ఈ ఒక్క సాయంత్రం లోపల పెట్టిన వేడి అంత. పైగా మూతలు తీసి పెడుతున్నారు, ఆవిరంతా నేరుగా వెళ్ళి కాయిల్ మీద మంచవుతుంది. వాక్-ఇన్ కోల్డ్ రూములు చల్లని సరుకుని చల్లగా నిలబెట్టడానికి చేసినవి. వండిన వేడి పదార్థాన్ని గబగబా చల్లబరిచే మిషన్ వేరు, దాన్ని బ్లాస్ట్ చిల్లర్ అంటారు, దాంట్లో ఫ్యాన్లు, కాయిల్, కంప్రెసర్ అన్నీ ఆ పనికి తగ్గట్టు ఉంటాయి. ధర లక్షల్లో చెప్పేసరికి ఓనరు గారు టాపిక్ మార్చేశారు.

కరెంటు కంటే పెద్ద సమస్య ఇంకోటుంది. 40 లీటర్ల లోతైన డేగిసాలో గ్రేవీ పై పొర చల్లగా తగిలినా మధ్యలో రాత్రంతా గోరువెచ్చగానే ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియాకి పండగే. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చల్లగా ఉంచే ఆహారాన్ని 5 డిగ్రీలు, అంతకంటే కింద ఉంచమంటోంది, తలుపు మీద 3 చూపిస్తున్నా డేగిసా నడుమ 30 ఉంటే ఏం లాభం.

వంట మాస్టారితో మాట్లాడటానికి కాస్త టైమ్ పట్టింది. "రాత్రి పదింటికి చివరి గ్రేవీ దిగుద్ది బాబూ, అప్పుడు దాన్ని చల్లార్చుకుంటా కూర్చునేదెవరు?" అన్నారాయన. న్యాయమైన ప్రశ్నే. చివరికి కుదిరింది ఇది: లోతైన డేగిసాల బదులు రెండంగుళాల లోతు ట్రేలు కొన్నింటికి, మిగతావాటికి సిమెంటు తొట్టి. ముందు కుళాయి నీళ్ళలో గిన్నె పెట్టి కలుపుతూ 40 దాకా దించడం, తర్వాత అదే తొట్టిలో ఐసు వేసి 20 దాకా. 200 కిలోలకి 50 కిలోల ఐసు చాలు. ఫంక్షన్లకి ఐసు ఎలాగూ తెప్పిస్తారు కాబట్టి అదనపు పరుగులు లేవు. ఐసు గిన్నె బయటే ఉండాలి, లోపల పడకూడదు, ఫ్యాక్టరీ గడ్డ ఐసు తినడానికి కాదు. గ్రేవీని చిక్కగా వండి పెట్టుకుని, నీళ్ళ వాటా మర్నాడు కలుపుకోవడం మాస్టారి ఐడియానే, నాకు తట్టలేదు, దాంతో చల్లార్చాల్సిన బరువే తగ్గింది. 20 డిగ్రీల దగ్గర లోపల పెడితే కోల్డ్ రూమ్ మీద పడే భారం 13 నుంచి 3 కిలోవాట్ అవర్లకి వస్తుంది.

ఇక తలుపు. ఎండాకాలం విజయవాడ వంటగది గాలి 35 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకుంటే, గదిలోని గాలి మొత్తం ఒకసారి మారిందంటే అర లీటరు నీళ్ళు లోపలికి వచ్చినట్టు. ఆ నీళ్ళన్నీ కాయిల్ మీదే చేరతాయి. తలుపు బార్లా తెరిచి ఉంటే గాలి మారడానికి కొద్ది నిమిషాలు చాలు, చల్లగాలి బరువు కాబట్టి కింద నుంచి జారిపోతుంది, పైనుంచి వేడిగాలి దూరుతుంది. ప్రతి మార్పుకీ 0.65 కిలోవాట్ అవర్ల దాకా వేడి, అందులో సగం పైన తేమ వల్లే. సముద్రం దగ్గర ఊళ్ళలో, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఈ తేమ వాటా ఇంకా ఎక్కువ.

కుర్రాళ్ళని తిట్టి లాభం లేదు, రెండు చేతులా బరువున్నప్పుడు ఎవరైనా చెక్కముక్కే పెడతారు. ఒక ట్రాలీ కొనిపించాం, ఒక్కో ట్రిప్పులో అయ్యే పని పెరిగింది. డోర్ క్లోజర్ కొత్తది వేశాం. కర్టెన్‌లో జిడ్డు పట్టి బిగిసిపోయిన మధ్య స్ట్రిప్పులు మాత్రమే మార్చి, మిగతావి వేడి నీళ్ళు, సబ్బుతో కడిగించాం, వారానికోసారి కడగడం స్టోర్ కీపర్ పని. తలుపు రబ్బరు కింది మూల చిరిగింది, అదెలా తెలిసిందంటే కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగితే పట్టు లేకుండా వచ్చేసింది. నాలుగు వైపులా ఇలా చూడాలి. క్లోజర్ వేశాక లోపలి రిలీజ్ నాబ్ తప్పకుండా పనిచేయాలి, ఇక్కడ అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. లోపల మనిషి ఉండగా తలుపు పడితే బయటికి రాలేడు. ఆ నాబ్ సరిచేసేదాకా క్లోజర్ బిగించనివ్వలేదు.

సరుకు పేర్చడం గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిందే, ఎవరూ చేయరు. ఫ్యాన్ ముందు క్రేట్లు కప్పు దాకా పేర్చితే ముందున్న పనీరు గడ్డకడుతుంది, వెనకున్న పెరుగు పులుస్తుంది. గోడకి నాలుగైదు అంగుళాలు వదిలి, ఇండోర్ ఎత్తుకి అడుగు కింద ఎర్ర టేపు అంటించి, దాని పైకి క్రేటు పోకూడదన్నాం. పనిలో పనిగా టమాటాలు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, అరటిపళ్ళు బయటికి పంపించాం. వాటికి 3 డిగ్రీలు అవసరం లేదు, పైగా కొన్ని చెడతాయి. అరటికి 13 కంటే తగ్గితే తొక్క నల్లబడుతుంది, టమాటా రుచి పోతుంది. గదిలో పావు వంతు జాగా ఖాళీ అయింది. సెట్ పాయింట్‌ని ఎవరో 0కి తగ్గించి పెట్టారు, ఏసీ రిమోట్ 16కి నొక్కినట్టు. సెట్ పాయింట్ తగ్గిస్తే గది త్వరగా చల్లబడదు, మిషన్ ఆగడం మానేస్తుంది, అంతే. ఆగకపోతే ఈ రకం చిల్లర్‌లో మంచు కరగడానికి సందు చాలదు, ఎందుకంటే ఇందులో హీటర్ లేదు, కంప్రెసర్ ఆగి ఫ్యాన్లు తిరిగినప్పుడే కాయిల్ కరుగుతుంది. 3కి మార్చి, డీఫ్రాస్ట్ (కంప్రెసర్‌ని ఆపి మంచు కరగనిచ్చే టైమ్) 6 గంటలకోసారి 15 నిమిషాలున్నదాన్ని 4 గంటలకోసారి 25 నిమిషాలు చేశాం. వానాకాలం పోయాక మళ్ళీ తగ్గించుకోవచ్చు. డ్రెయిన్ పైపు పాచి పట్టి మూసుకుపోయింది, ట్రాప్ (నీళ్ళు నిలిచే వంపు) లేదు, అందుకే నేల మీద నీళ్ళు. పైపు కడిగి బయట పీ-ట్రాప్ పెట్టాం.

కోల్డ్ రూమ్‌కి విడిగా ఒక సబ్ మీటరు పెట్టించాను, ఏ పని మొదలెట్టకముందే. ముందు రోజుకి 65 యూనిట్ల దాకా తిరిగేది, పనులయ్యాక అదే మే నెల ఎండల్లో, ఫంక్షన్లు అలాగే ఉండగా, 40 లోపుకి వచ్చింది. కంప్రెసర్ దాదాపు 24 గంటలూ తిరిగేది ఇప్పుడు 15 గంటల దగ్గర ఉంది. సీసా థర్మామీటరు తెల్లవారేసరికి 4 చూపిస్తోంది. కమర్షియల్ కనెక్షన్‌లో పై స్లాబు యూనిట్ పది రూపాయల దగ్గర పడుతుంది కాబట్టి నెలకి ఏడు వేలకి పైనే మిగులు. మొత్తం ఖర్చు, ట్రాలీ, డక్టు బెండుతో సహా, కొత్త కంప్రెసర్ ధరలో సగం కూడా కాలేదు. ఇందులో ఏ మార్పు ఎంత మిగిల్చిందో విడివిడిగా చెప్పలేను, అన్నీ ఒకే వారంలో చేశాం. నా అంచనాకి వేడి డేగిసాలు, తలుపు కలిపి సగం పైన ఉంటుంది.

మెయింటెనెన్స్‌కి పెద్ద ఫైలు ఇవ్వలేదు, ఇస్తే ఎవరూ చూడరు. తలుపు మీద ఒక కాగితం: పొద్దున, రాత్రి సీసా ఉష్ణోగ్రత, సబ్ మీటరు రీడింగు, టార్చితో చూస్తే కాయిల్ వెనక రెక్కలు కనిపిస్తున్నాయా లేదా. మూడే గడులు. వంటగది పక్కన ఉంది కాబట్టి కండెన్సర్ నెలకోసారి కడగాలి, వేరే చోటయితే మూడు నెలలకోసారి చాలు. యూనిట్లు వరసగా మూడు రోజులు 45 దాటితే నాకు ఫోన్ చేయాలి, గది చల్లగానే ఉన్నా సరే. ఉష్ణోగ్రత పెరగడం ఆఖరున కనిపించే లక్షణం, దానికి చాలా ముందే మిషన్ ఎక్కువసేపు తిరగడం మొదలవుతుంది.

ఫ్రీజర్ కథ ఇంకా మిగిలే ఉంది. తలుపు చట్రంలో హీటర్ పోయి రబ్బరు అతుక్కుపోతోంది, అది మార్చేశాం. లోపలా బయటా గాలి ఒత్తిడిని సమం చేయడానికి గోడకుండే ప్రెషర్ రిలీఫ్ వాల్వు మంచుతో మూసుకుపోయింది, దానివల్ల తలుపు వేసిన వెంటనే మళ్ళీ తీయాలంటే ఇద్దరు లాగాల్సొచ్చేది, దాని చిన్న హీటర్‌కి కరెంటే అందట్లేదు, వైరు కలిపాం. గుమ్మం దగ్గర నేల మాత్రం అంత తేలిక కాదు. పైపు పెట్టి నేల కడుగుతూ వచ్చారు, ఆ నీళ్ళు అల్యూమినియం షీటు జాయింట్లలోంచి కిందకి దిగి, గడ్డకట్టి, షీటుని పైకి లేపాయి. కింద ఇన్సులేషన్ తడిసిందంటే అది ఇన్సులేషన్‌గా పనికిరాదు, ఎండబెడితే బాగయ్యేది కూడా కాదు. ఫ్రీజర్ ఖాళీ చేసి, ఆపేసి, పూర్తిగా కరగనిచ్చి, గుమ్మం వైపు రెండు ఫ్లోర్ ప్యానెళ్ళు తీసి కొత్తవి వేసి, జాయింట్లు సీల్ చేయాలి. ఇంత సీజన్‌లో ఫ్రీజర్ ఆపడం కుదరదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి అప్పుడు చేద్దామన్నారు ఓనరు గారు. అప్పటిదాకా నేలని తడిగుడ్డతో తుడవడమే తప్ప పైపు లోపలికి తేవద్దని చెప్పి, పైపు తగిలించే ట్యాప్ హ్యాండిల్ ఊడదీసి స్టోర్ కీపర్ చేతికిచ్చాను.